ఓటు ఒకటే, రాష్ట్రం మారితే లెక్క వేరు: అమెరికాలో మూడో పార్టీ ఎందుకు నిలబడదు

2024 సెప్టెంబరులో మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాళ్ళ ఇల్లు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. వాడు చదివేది పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో, పిట్స్‌బర్గ్‌లో. పందొమ్మిదేళ్ళవాడు, అదే మొదటి ఓటు. "మామయ్యా, ఓటు ఇంటి దగ్గరైనా పెట్టుకోవచ్చట, కాలేజీ దగ్గరైనా పెట్టుకోవచ్చట, కానీ ఏదో ఒకచోటే. ఎక్కడైతే ఏముంది, ఓటు ఓటే కదా?" అన్నాడు. ఆ వెంటనే అసలు బాధ బయటపెట్టాడు. ఇద్దరు పెద్ద అభ్యర్థులూ వాడికి నచ్చలేదు, పర్యావరణం పేరుతో నిలబడే చిన్న పార్టీ, గ్రీన్ పార్టీకి వేద్దామని ఉంది, రూమ్‌మేట్స్ మాత్రం ఓటు మురగబెడుతున్నావని వాడి మీద పడుతున్నారు. "మనస్సాక్షి ప్రకారం ఓటేస్తే తప్పెలా అవుతుంది మామయ్యా?"

వాడు రెండు వేర్వేరు ప్రశ్నలు అడిగాననుకున్నాడు. రెండూ ఒకే ప్రశ్న. ఓటు ఎక్కడ పెట్టుకుంటావన్నదాని మీదే, మూడో పార్టీకి వేస్తే ఏమవుతుందన్నది ఆధారపడి ఉంటుంది. ఇది ఒక్క ఫోన్ కాల్‌లో చెప్పలేకపోయాను, నాలుగు వారాల్లో నాలుగైదు సార్లు మాట్లాడుకున్నాం. మన టీవీల్లో అమెరికా ఎన్నికలంటే ఇద్దరి ఫొటోలు ఎదురెదురుగా పెట్టి చూపిస్తారు కాబట్టి, అక్కడ పోటీలో ఉండేదే ఇద్దరని చాలామంది అనుకుంటారు. బ్యాలెట్ మీద ఇంకా పేర్లుంటాయి. గెలవవు, అంతే. ఎందుకు గెలవవో, గెలవకపోయినా ఎందుకు అంత గొడవవుతుందో వాడికి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను.

ముందు లెక్క. అమెరికా అధ్యక్షుడిని జనం నేరుగా ఎన్నుకోరు. ఒక్కో రాష్ట్రానికి కొంతమంది ఎలక్టర్లు ఉంటారు, రాష్ట్రానికి ప్రతినిధుల సభలో ఎన్ని సీట్లున్నాయో, వాటికి సెనేట్ సీట్లు రెండు కలిపితే ఎంతో, అంతమంది. రాజధాని వాషింగ్టన్‌కు ముగ్గురు. మొత్తం 538, గెలవాలంటే 270. ఇంతవరకు చాలామందికి తెలుసు. అసలు మెలిక తర్వాత వస్తుంది: 48 రాష్ట్రాల్లో, రాజధానిలో కూడా, ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడికి ఆ రాష్ట్రం ఎలక్టర్లందరూ గంపగుత్తగా వెళ్ళిపోతారు. మెయిన్, నెబ్రాస్కా మాత్రమే నియోజకవర్గాల వారీగా కొంత పంచుతాయి. 2020లో ట్రంప్‌కు దేశం మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ ఓట్లు పడ్డ రాష్ట్రం ఏదంటే టెక్సస్ అనుకుంటాం. కాదు, కాలిఫోర్నియా, 60 లక్షల పైచిలుకు. కానీ ఆయన ప్రత్యర్థి బైడెన్‌కు అక్కడ అంతకు దాదాపు రెట్టింపు వచ్చాయి కాబట్టి, ఆ 60 లక్షల మంది ఓట్లకు దక్కిన ఎలక్టర్లు సున్నా. టెక్సస్‌లో డెమొక్రాట్లకు వేసిన 52 లక్షల మందిదీ అదే గతి.

అంటే రెండో స్థానానికే ఏమీ దక్కని పద్ధతి ఇది. మూడో స్థానం సంగతి చెప్పేదేముంది.

1992లో రాస్ పెరో అనే టెక్సస్ వ్యాపారి స్వతంత్రంగా పోటీ చేశాడు. బడ్జెట్ లోటు గురించి చార్టులు పట్టుకుని టీవీలో అరగంట చొప్పున సమయం కొనుక్కుని మాట్లాడేవాడు. ఆ జూన్‌లో సర్వేల్లో ఇద్దరు పెద్దవాళ్ళకంటే ముందున్నాడు కూడా. జులైలో తప్పుకున్నాడు, అక్టోబరులో మళ్ళీ వచ్చాడు, మూడు డిబేట్లలోనూ నిలబడ్డాడు. చివరికి 18.9 శాతం ఓట్లు, అంటే కోటీ 97 లక్షలు. ఎలక్టర్లు? ఒక్కరు కూడా లేరు. ఆయన ఓట్లు దేశమంతా పలచగా పరుచుకున్నాయి, ఏ ఒక్క రాష్ట్రంలోనూ మొదటి స్థానం రాలేదు. ఇక్కడ మనకు 2009 గుర్తొస్తుంది. ప్రజారాజ్యానికి ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 16 శాతం ఓట్లు వచ్చాయి, 294లో 18 సీట్లు దక్కాయి. ఓట్లతో పోలిస్తే తక్కువే, కానీ అసెంబ్లీలో కూర్చోవడానికి 18 కుర్చీలు, రేపు ఎవరితోనైనా మాట్లాడుకోవడానికి ఒక బలం. మన పద్ధతిలో కూడా ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుస్తాడు కానీ, చిన్న పార్టీ తనకు బలమున్న జిల్లాల్లో గెలిచి, సీట్లతో బేరమాడి, కూటమిలో చేరి మంత్రి పదవులు పంచుకోగలదు. అధ్యక్ష పదవి ఒక్కటే కుర్చీ. దాన్ని ముక్కలు చేసి పంచలేరు, ఎన్నికయ్యాక కూటమి కట్టలేరు. కాబట్టి పొత్తు అనేది ఎన్నికలకు ముందే, పార్టీ లోపలే జరిగిపోవాలి. అమెరికాలో రెండు పార్టీలూ చూడటానికి పార్టీల్లా ఉన్నా, ఒక్కోటీ మన లెక్కలో నాలుగైదు పార్టీల కూటమి.

ఇప్పుడు ఓట్ల చీలిక. ఈ మాట మనకు కొత్త కాదు, ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలనివ్వనని ఒక పార్టీ అధినేత ఊరూరా చెప్పి, 2024లో పొత్తు కట్టి గెలిచిన సంగతి ఆంధ్రలో అందరికీ గుర్తే. అమెరికాలో ఆ మాట ఎత్తితే అందరూ 2000 నాటి ఫ్లోరిడా గురించే మాట్లాడతారు. నేను కూడా మా వాడికి అక్కడి నుంచే మొదలుపెట్టాను, ఎందుకంటే ఆ కథ అందరూ చెప్పేంత సూటిగా లేదు.

రిపబ్లికన్ బుష్, డెమొక్రాట్ గోర్ పోటీ. దేశం మొత్తం మీద గోర్‌కు 5 లక్షల 40 వేలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. కానీ ఎలక్టర్ల లెక్క ఫ్లోరిడా దగ్గర ఆగింది, ఆ రాష్ట్రంలో దాదాపు 60 లక్షల ఓట్లలో తేడా చివరికి 537. గ్రీన్ పార్టీ తరఫున నిలబడ్డ రాల్ఫ్ నాడర్‌కు అక్కడ పడ్డవి 97,488. అందులో చిన్న ముక్క గోర్ వైపు వెళ్ళినా చరిత్ర వేరేలా ఉండేదని, నాడర్‌కు వేసినవాళ్ళ వల్లే బుష్ వచ్చాడని, అప్పటి నుంచి ఇప్పటి దాకా డెమొక్రాట్లు చెబుతూనే ఉన్నారు. లెక్క ప్రకారం అది అబద్ధం కాదు. కానీ ఆ బ్యాలెట్ మీద మొత్తం పదిమంది ఉన్నారు. బుష్, గోర్‌లను తీసేస్తే మిగిలిన ఎనిమిది మందిలో ప్రతి ఒక్కరికీ 537 కంటే ఎక్కువే వచ్చాయి. అందరికంటే చివర ఉన్న సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ ఆయనకు కూడా 562. మరి ఆ ఎనిమిది మందిలో ఎవరిని నిందిస్తాం?

పామ్ బీచ్ కౌంటీ బ్యాలెట్ ఒక్కసారి కళ్ళ ముందు పెట్టుకోండి. తెరిచిన పుస్తకంలా రెండు పేజీలు, మధ్యలో నిలువుగా రంధ్రాల వరుస. ఓటరు మొనదేలిన పుల్లతో కాగితానికి బొక్క పొడవాలి. ఎడమ పేజీలో మొదటి పేరు బుష్, దాని కింద రెండో పేరు గోర్. కానీ మధ్యలో ఉన్న రెండో రంధ్రం గోర్‌ది కాదు, కుడి పేజీలో మొదట ఉన్న పాట్ బుకానన్‌ది. గోర్‌ది మూడోది. పేర్లు పెద్ద అక్షరాల్లో పడాలని, పెద్దవాళ్ళకు చదవడం సులువవుతుందని ఆ డిజైన్ చేశారు. బుకానన్ కరడుగట్టిన సంప్రదాయవాది, ఆ కౌంటీలో యూదు వృద్ధులు ఎక్కువ, ఆయనకు అక్కడ అన్ని ఓట్లు వస్తాయని ఆయనే అనుకోలేదు. వచ్చాయి, 3,407. ఇక రెండు చోట్ల పొడిచి చెల్లకుండా పోయిన బ్యాలెట్లు వేలల్లో. చివరికి డిసెంబరు 12న సుప్రీంకోర్టు 5-4తో రీకౌంటింగ్ ఆపేసింది, గెలుపు బుష్‌ది. గోర్ సొంత రాష్ట్రం టెనెసీలో గెలిచి ఉంటే ఫ్లోరిడా అవసరమే ఉండేది కాదు, అది ఆయన గెలవలేకపోయాడు. ఇన్ని కారణాలున్న ఓటమిని తీసుకొచ్చి నాడర్‌కు ఓటేసిన కాలేజీ పిల్లల నెత్తిన మాత్రమే పెట్టడం నాకు న్యాయంగా కనిపించదు. అలాగని ఆ ఓటుకు ఫలితమే లేదని మా వాడికి చెప్పడం కూడా అబద్ధమవుతుంది. ఫలితం ఉంది. వాళ్ళు కోరుకున్న ఫలితం కాదు, అంతే.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. మూడో అభ్యర్థి ఓట్లన్నీ ఒకే వైపు నుంచి చీలతాయని గుడ్డిగా కలిపేయకూడదు. 1992లో పెరో వల్లే అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్ (2000లో గెలిచిన బుష్ తండ్రి) డెమొక్రాట్ క్లింటన్ చేతిలో ఓడిపోయాడని ఇప్పటికీ అంటారు, కానీ ఆ రోజు ఓటేసి బయటికి వచ్చినవాళ్ళను అడిగితే, పెరో లేకపోతే ఎవరికి వేసేవారన్నదానికి బుష్, క్లింటన్ దాదాపు సమానంగా వచ్చారు, కొందరైతే అసలు ఓటుకే వచ్చేవాళ్ళం కాదన్నారు. 2016లో మిచిగన్‌లో ట్రంప్, హిల్లరీ క్లింటన్ మధ్య తేడా 10,704 అయితే గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కు 51 వేలు వచ్చాయి నిజమే, కానీ అక్కడే ప్రభుత్వ జోక్యం తక్కువుండాలనే లిబర్టేరియన్ పార్టీ గ్యారీ జాన్సన్‌కు లక్షా 72 వేలు వచ్చాయి. ఆయన లేకపోతే అవి ఎటు వెళ్ళేవో ఎవరు చెప్పగలరు?

సరే, మరి రాజ్యాంగంలో రెండు పార్టీలే ఉండాలని రాసి ఉందా? పార్టీ అన్న మాటే అందులో లేదు. జార్జ్ వాషింగ్టన్ 1796లో పదవి వదులుతూ ఇచ్చిన సందేశంలో పార్టీల గొడవల గురించి గట్టిగా హెచ్చరించాడు. కానీ రాజ్యాంగం పార్టీల పేరెత్తకుండానే మూడోవాడి దారి మూసే ఒక నిబంధన పెట్టింది, 1804లో వచ్చిన 12వ సవరణ. ఎవరికీ మెజారిటీ ఎలక్టర్లు రాకపోతే అధ్యక్షుడిని ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది, అదీ ఎంపీకి ఒక ఓటు చొప్పున కాదు, రాష్ట్రానికి ఒక ఓటు చొప్పున. దాదాపు నాలుగు కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకు ఒకటి, ఆరు లక్షల మంది కూడా లేని వయోమింగ్‌కు ఒకటి. ఇప్పుడు ఒక మంచి మూడో అభ్యర్థి కష్టపడి కొన్ని రాష్ట్రాలు గెలిచి ఇద్దరినీ 270కి చేరకుండా ఆపాడనుకోండి. నిర్ణయం వెళ్ళేది ఆ రెండు పార్టీల వాళ్ళతో నిండిపోయిన సభకే. 1968లో జార్జ్ వాలెస్ జాతి విభజన పేరుతో, అంటే నల్లవాళ్ళను తెల్లవాళ్ళ నుంచి విడిగా ఉంచాలంటూ, దక్షిణాది రాష్ట్రాలు ఐదు గెలిచాడు, 46 మంది ఎలక్టర్లు వచ్చారు. ఎవరికీ మెజారిటీ రాకుండా చేసి ఇద్దరితో బేరం పెట్టాలన్నది ఆయన పథకం. రిపబ్లికన్ నిక్సన్‌కు మెజారిటీ వచ్చేసింది, పథకం పోయింది. వాలెస్ 13.5 శాతంతో ఐదు రాష్ట్రాలు గెలిస్తే, 18.9 శాతం వచ్చిన పెరోకు ఒక్కటీ రాలేదు, ఈ పద్ధతిలో ఎన్ని ఓట్లన్నదానికంటే ఎక్కడ కుప్పపడ్డాయన్నదే ముఖ్యం.

మూడో పార్టీ ఎప్పుడూ గెలవలేదా అంటే, ఒకసారి గెలిచింది. రిపబ్లికన్ పార్టీయే. 1854లో పుట్టింది, బానిసత్వం ప్రశ్న మీద విగ్ పార్టీ విచ్చిన్నమైపోతుంటే ఆ జాగా తీసుకుంది, 1860లో నలుగురి పోటీలో 40 శాతం లోపు ఓట్లతో లింకన్ గెలిచాడు. అంటే మూడోది మూడోదిగా ఉండి గెలవలేదు, ఉన్న రెండిట్లో ఒకటి చచ్చిపోతే దాని చోట కూర్చుంది. 1912లో థియొడోర్ రూజ్‌వెల్ట్ అంతటివాడు, మాజీ అధ్యక్షుడు, కొత్త పార్టీ పెట్టి తన పాత రిపబ్లికన్ పార్టీ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నాడు, 27 శాతం. ఆ ఇద్దరూ చీల్చుకుంటే 42 శాతంతో డెమొక్రాట్ విల్సన్ 435 మంది ఎలక్టర్లతో కూర్చున్నాడు. తర్వాతి ఎన్నికలకు రూజ్‌వెల్ట్ పార్టీ లేదు.

వీటికి తోడు రెండు పార్టీలూ కలిసి కట్టుకున్న అడ్డుగోడలు కొన్ని ఉన్నాయి. బ్యాలెట్ మీద పేరు ఎక్కాలంటే ఏ రాష్ట్రం రూల్ ఆ రాష్ట్రానిది, వేల సంతకాలు, వేర్వేరు గడువులు, కోర్టు కేసులు. డిబేట్లకు 2000 నుంచి సర్వేల్లో 15 శాతం రావాలన్న షరతు పెట్టారు, టీవీలో కనిపించకుండా 15 శాతం ఎలా వస్తుందన్నది ఎవరూ చెప్పరు. ఇవి తీసేయాల్సినవే. కానీ ఇవన్నీ తీసేసినా గంపగుత్త లెక్క ఉన్నంతకాలం ఫలితం పెద్దగా మారదని నా నమ్మకం, ఎందుకంటే ఓటరు భయం అడ్డుగోడలో లేదు, లెక్కలో ఉంది. నాకు నచ్చినవాడికి వేస్తే నాకు అస్సలు నచ్చనివాడు గెలుస్తాడేమోనన్న టెన్షన్, అదే కోట్లమందిని నవంబరులో మళ్ళీ రెండు గూళ్ళకే చేరుస్తుంది.

మా వాడి విషయానికొస్తే, నేను చెప్పింది ఇది. న్యూజెర్సీ 1992 నుంచి ప్రతిసారీ డెమొక్రాట్లకే పడుతోంది, వాళ్ళకు కంచుకోట లాంటిది. అక్కడ గ్రీన్‌కు వేస్తే అది నిరసన ఓటు, మన నోటా లాంటిదే కానీ కాస్త నయం, ఎందుకంటే నువ్వు దేనికోసం నిరసన తెలుపుతున్నావో దానికో పేరుంటుంది. గెలుపోటములు మారే అవకాశం బాగా తక్కువ. పెన్సిల్వేనియా అలా కాదు, 19 మంది ఎలక్టర్లు, ఎప్పుడు ఎటు ఊగుతుందో తెలియదు, 2016లో తేడా 44 వేలు, 2020లో 80 వేలు. అక్కడ ఇద్దరిలో ఎవరు వచ్చినా నీకు ఒకటేనని నిజంగా అనిపిస్తే గ్రీన్‌కు వెయ్యి, ఎవరేమన్నా పట్టించుకోకు. కానీ ఒకరు వస్తే కాస్త బాధ, ఇంకొకరు వస్తే ఎక్కువ బాధ అనిపిస్తే, ఆ తేడాను ఓటులో చూపించు. ఒకే మనిషి, ఒకే మనస్సాక్షి, రాష్ట్రం మారితే ఆ ఓటు చేసే పని మారుతుంది. "ఇది అన్యాయం కదా మామయ్యా" అన్నాడు. అవును, అన్యాయమే, కోట్లమంది ఓట్లకు విలువ తగ్గించి ఏడు రాష్ట్రాల చుట్టూ ప్రచారమంతా తిరగడం కంటే అన్యాయం ఏముంటుంది. ఫలితాలొచ్చాక చూస్తే 2024లో పెన్సిల్వేనియాలో ట్రంప్ ఆధిక్యం లక్షా 20 వేలు, స్టైన్, లిబర్టేరియన్ ఇద్దరి ఓట్లూ కలిపినా 70 వేలు దాటలేదు, ఆ ఏడాది మూడోవాళ్ళు ఫలితాన్ని మార్చలేదు. కానీ అది ముందే ఎవరికి తెలుసు?

దారి లేదా అంటే ఉంది, కానీ అది నవంబరులో లేదు. మెయిన్ రాష్ట్రం ఒకటి చేసి చూపించింది. 2010లో అక్కడ త్రిముఖ పోటీలో 38 శాతం కూడా రాని పాల్ లెపేజ్ గవర్నరయ్యాడు. జనం విసిగిపోయి 2016లో రెఫరెండం పెట్టి ర్యాంకుల ఓటు తెచ్చుకున్నారు. బ్యాలెట్ ఒక పట్టికలా ఉంటుంది, పేర్లు నిలువుగా, మొదటి ఇష్టం, రెండో ఇష్టం, మూడో ఇష్టం అడ్డంగా. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటకపోతే వెనకబడ్డవాళ్ళను తీసేసి, వాళ్ళ ఓటర్ల రెండో ఇష్టాన్ని లెక్కలోకి తీసుకుంటారు. 2018లో ప్రతినిధుల సభ సీటుకు అలాగే జరిగింది, మొదట వెనకబడ్డ జారెడ్ గోల్డెన్ రెండో ఇష్టాలు కలిశాక గెలిచాడు. ఇప్పుడక్కడ అధ్యక్ష ఎన్నికకూ ఇదే పద్ధతి, అలాస్కాలోనూ ఉంది. గ్రీన్‌కు మొదటి ఇష్టం ఇచ్చి, పెద్ద పార్టీల్లో ఒకరికి రెండో ఇష్టం ఇస్తే ఓటు చీలదు, మురగదు. అయితే జనం దీన్ని ఎగబడి కోరుకుంటున్నారని చెప్పలేను. 2024లో కొలరాడో, ఐడహో, నెవాడా, ఒరెగాన్ ఓటర్లు దీన్ని తిరస్కరించారు, అలాస్కాలో వెయ్యి లోపు ఓట్ల తేడాతో రద్దు కాకుండా బతికింది. దేశం మొత్తంలో ఎక్కువ ఓట్లు వచ్చినవాడికే మా ఎలక్టర్లని కొన్ని రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం కూడా ఉంది, అది మంచిదే, 270 మంది ఎలక్టర్ల బలమున్న రాష్ట్రాలు చేరితే అమల్లోకి వస్తుంది. కానీ అది రాష్ట్రాల మధ్య అన్యాయాన్ని తీరుస్తుందే తప్ప చీలిక సమస్యను తీర్చదు.

రెండో దారి ఇప్పటికే తెరిచి ఉంది, అదే ప్రైమరీ. మన దగ్గర టికెట్ ఎవరికో అధిష్ఠానం తేలుస్తుంది, నామినేషన్ చివరి రోజు దాకా బీ-ఫామ్ కోసం నాయకులు హైదరాబాద్‌లోనో అమరావతిలోనో పడిగాపులు పడతారు. అక్కడ బీ-ఫామ్ ఇచ్చేది మామూలు ఓటర్లు. ట్రంప్ సంగతే చూడండి, 2000లో పెరో పెట్టిన రిఫార్మ్ పార్టీ టికెట్ కోసం ప్రయత్నించి మధ్యలో వదిలేశాడు. అదే మనిషి 2016లో రిపబ్లికన్ ప్రైమరీ గుండా వచ్చి ఆ పార్టీనే తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ ప్రైమరీలో కూడా చీలికే పనిచేసింది, సౌత్ కరోలినాలో మూడింట ఒక వంతు ఓట్లతోనే 50 మంది డెలిగేట్లనూ, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రతినిధులనూ, పట్టుకుపోయాడు. స్వతంత్ర సెనేటర్ బెర్నీ శాండర్స్ కూడా డెమొక్రాట్ల ప్రైమరీలోకి దిగి కోటీ 30 లక్షల ఓట్లు తెచ్చుకున్నాడు, ఓడిపోయాడు కానీ పార్టీ మాట్లాడే విషయాలను మార్చాడు. బయట నిలబడి ఉంటే ఆయన మాట ఎవరికీ వినపడేది కాదు.

మా వాడు చివరికి పిట్స్‌బర్గ్‌లోనే ఓటు పెట్టుకున్నాడు. ఫారం నింపుతూ మళ్ళీ ఫోన్: "ఇక్కడ ఏ పార్టీ అని ఒక గడి ఉంది, నేను ఏ పార్టీ కాదుగా, ఖాళీగా వదిలేయనా?" పెన్సిల్వేనియాలో ప్రైమరీలు పార్టీలో నమోదైనవాళ్ళకే. ఆ గడి ఖాళీగా వదిలితే నవంబరులో ఓటుంటుంది కానీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఉండదు, లక్షలమంది స్వతంత్ర ఓటర్లు ఆ రాష్ట్రంలో అలా బయట నిలబడే ఉన్నారు. పిట్స్‌బర్గ్ మేయర్లు 1930ల నుంచి డెమొక్రాట్లే, కాబట్టి ఆ ఊళ్ళో అసలు ఎన్నిక మేలో జరిగే డెమొక్రాటిక్ ప్రైమరీ. పార్టీ మీద ప్రేమ లేకపోయినా ఆ పేరే టిక్ పెట్టాడు. 2025 మే 20న జరిగిన ప్రైమరీలో పదవిలో ఉన్న మేయర్ ఎడ్ గేనీ, కోరీ ఓకానర్ చేతిలో ఓడిపోయాడు. మా వాడు సెమిస్టర్ అయిపోయినా ఇంటికి వెళ్ళకుండా ఉండి ఆ రోజు ఓటేశాడు. సాయంత్రం ఫోన్ చేసి, నవంబరులో గంటన్నర లైన్లో నిల్చున్నానని, ఈ రోజు పోలింగ్ బూత్‌లో తన ముందు నలుగురే ఉన్నారని చెప్పాడు.